మోయిల్ గుట్ట మీద మరిచిన టోపీ

ఎమ్లిన్ ప్రోబర్ట్ మోయిల్ గుట్ట ఎక్కాడంటే ఏదో ఒకటి పైన మరిచిపోకుండా దిగిరాడు. టోపీయో, చేతికర్రో, టీ ఫ్లాస్కో కొన మీది రాళ్లకుప్ప దగ్గర ఉండిపోతుంది. దిగి, తెచ్చిపెట్టమని ఎదురైన మొదటి మనిషిని పట్టుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

దుకాణం నడిపే గ్వెండాకు ఈ గోల మరీ ఎక్కువ.

"గ్వెండా, కళ్లజోడు పైన ఉండిపోయింది. కాస్త తెచ్చిపెట్టమ్మా."

"నీ కాళ్లేమయ్యాయి?"

"మోకాలు, తల్లీ. రోజుకొక్కసారే ఎక్కుతానంటోంది."

"పోయినవారం పెట్టుడు పళ్లు మరిచావు! అవెలా ఊడాయయ్యా?"

"గాలి. పైన గాలి సంగతి నీకు తెలీదూ?"

అందరూ తిట్టుకుంటూనే ఎక్కేవారు. పాస్టరుగారు గొడుగు కోసం ఎక్కారు. కొత్తజంట పెళ్లిబట్టల్లోనే ఆయన ఎడమకాలి బూటు కోసం ఎక్కింది. ఒంటి బూటుతో ఎలా దిగాడని ఎవరూ అడగలేదు. ఎమ్లిన్ కదా!

ఈ వసంతంలో గుట్ట కొన్న పెద్దమనిషి దారి మొదట్లోని గేటుకు తాళం వేశాడు. చట్టప్రకారం, ఇరవై ఏళ్లు ఎవరి అనుమతీ అడగకుండా జనం నడిచారని రుజువైతేనే దారి ఊరిది. లేదంటే కంచె ఖాయం. విచారణకు అధికారి ఊరి హాలుకు వచ్చాడు.

"ఉన్నది గడ్డీ గొర్రెలూ," అన్నాడు పెద్దమనిషి లాయరు. "సరదాకైనా అక్కడికి ఎవరెక్కుతారండీ?"

"సరదాకా?" గ్వెండా లేచింది. "కళ్లజోడు కోసం ఎక్కాను, పళ్ల కోసం ఎక్కాను! ఎక్కిన ప్రతిసారీ ఒళ్లు మండి క్యాలెండర్లో రాసుకున్నాను. ఇవిగో, ఇరవై క్యాలెండర్లు!"

"నేను గొడుక్కి!" "మేం బూటుకి!" హాలంతా లేచింది. రాసుకోలేక అధికారి చెయ్యి నొప్పెట్టింది. దారి ఊరికి దక్కింది.

గ్వెండా మొట్టమొదటి క్యాలెండరు తిరగేసింది. భర్త పోయి, నెల్లాళ్లు గడప దాటని రోజులవి. అప్పుడే ఎమ్లిన్ తన టోపీ కోసం ఆమెను గుట్ట మీదికి తరిమాడు. రాతిగుండె మనిషి అనుకుంది. కానీ ఆ సాయంత్రం దిగివచ్చాక కడుపునిండా తిన్నది.

బయట ఎమ్లిన్‌ను నిలేసింది. "నీకు మతిమరుపు లేదు కదూ?"

"దారికి కావలసింది కాళ్లమ్మా. కొన్ని కాళ్లకు దారి కావాలి."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"నడవండర్రా అంటే రేపంటారు. టోపీ అంటే ఇవాళే వెళ్తారు."

మర్నాడు గ్వెండా గుట్ట దిగి తిన్నగా ఆయన గుమ్మం ముందు నిలబడింది.

"ఎమ్లిన్, నా శాలువా పైన ఉండిపోయింది. కాస్త తెచ్చిపెట్టవయ్యా."

ఎమ్లిన్ చకచకా గుట్టెక్కేశాడు. మోకాలి నొప్పి సంగతి ఈసారి నిజంగానే మరిచిపోయాడు.