ఆఖరి సర్క్యులరే చెల్లుతుంది

మణుగూరులో నాకు తెలియని మనిషి లేడు. నేను తెలియని మనిషి ఉన్నాడంటే వాడు ఆ ఊరివాడు కాదు. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో కాలేజీకి నా అవసరం లేదని నేనే గ్రహించి బయటికి వచ్చాను. అప్పటి నుంచి నేను చూసిన మనుషుల గురించి పుస్తకాలు రాస్తే, వాటితో గోదావరికి అడ్డుకట్ట కట్టొచ్చు. అంతమందిలోనూ సంసోనన్న లాంటివాడు మాత్రం ఒక్కడే.

సంసోనన్న బొగ్గు గనిలో డంపరు నడుపుతాడు. డంపరంటే లారీ కాదు. దాని చక్రం మా ఇంటి కంటే ఎత్తు. మా ఇల్లు కొంచెం పొట్టిదే, ఆ సంగతి వేరు. ఒకసారి గని రోడ్డు మీద ఎలుగుబంటి అడ్డంగా కూర్చుందట. సంసోనన్న బండి ఆపి, రూలు ప్రకారం రెండుసార్లు హారన్ కొట్టి, అది లేచి వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ ఒకసారి హారన్ కొట్టి కదిలాడు. ఎలుగుబంటి కూడా రోడ్డుకు ఎడమ పక్కనే నడిచి వెళ్ళిందని నేనంటాను. నేనక్కడ లేను. అయినా అంటాను.

ఆయనకు రూలంటే అంత ప్రాణం. కుక్కరు కొంటే దానితో వచ్చిన కాగితం పూర్తిగా చదివాకే బియ్యం పోయనిస్తాడు. గనిలో నోటీసు బోర్డు మీద సర్క్యులర్లు అంటిస్తుంటారు. కొత్తది వస్తే పాతది రద్దు. ఆఖరి సర్క్యులరే చెల్లుతుంది. సంసోనన్న ఇంట్లో కూడా ఇదే పద్ధతి. భార్య విశ్రాంతమ్మ పొద్దున వంకాయలు తెమ్మని, కాసేపటికి బెండకాయలంటే, బెండకాయలే వస్తాయి. ఎందుకు మార్చావని ఆయన అడగడు. సర్క్యులరును ఎవరైనా ఎందుకని అడుగుతారా?

ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురం ఆయన క్వార్టరు వరండాలో పత్తాలాడేవాళ్ళం, అంటే పేకాట. నలుగురంటే సంసోనన్న, నేను, ఆయనతోపాటు గనిలో పనిచేసే జైరాం, బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నడిపే దానిష్. పైసలు పెట్టేవాళ్ళం కాదు. ఒకనాడు పాస్టరుగారు ఇల్లు దర్శించడానికి వచ్చి లోపల ప్రార్థన చేస్తున్నారు. అంతా నిశ్శబ్దం. సరిగ్గా అందరూ ఆమెన్ అనే సమయానికి జైరాం వరండాలోంచి "షో" అని ముక్కలు పరిచాడు.

పాస్టరుగారు నవ్వారు. విశ్రాంతమ్మ వదిన నవ్వలేదు.

"పత్తాలు బంద్," అంది సాయంత్రం. "ఆడోళ్ళ ప్రార్థన కూడికకు జాగ లేక తిప్పలైతాంది. ఈ వరండ కూడికకు ఇస్త."

"మరి మేమేడ కూసోవాలె?" అన్నాడు సంసోనన్న.

"పత్తాలు లేని, పైసలు లేని, నలుగురు చూస్తే ఇజ్జత్ పోని పనేదన్న ఉంటే కూసోండ్రి. వచ్చే నెల మొదటి ఆదివారం దాక చూస్త. లేకుంటే వరండ కూడికకే."

సంసోనన్నకు ఆ వరండా తప్ప ఇంకో లోకం లేదు. ఆరు రోజులు డంపరు క్యాబిన్‌లో ఒంటరిగా, చెవుల్లో ఇంజను మోతతో గడిపే మనిషి. ఏడో రోజు నాలుగు మాటలు వినేది అక్కడే. అందులో మూడు మాటలు నావే అనుకోండి.

దారి చూపింది దానిష్. వాడు ఫోనులో ఏవో వీడియోలు చూస్తుంటాడు. నలుగురు మనుషులు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర కట్టుకుని, గుహలోకి పోయాం, రాక్షసుడొచ్చాడు, నేను కత్తి దూశాను అని చెప్పుకుంటారు. కత్తి ఉండదు, గుహ ఉండదు. మాటలే.

"పైసలు లేవు, పత్తాలు లేవు, కూసొని ముచ్చట చెప్పుడే, సంసోన్ భాయ్," అన్నాడు దానిష్.

"అబద్ధాలు చెప్పుకునే ఆటనా? అయితే మనోడు జిల్లా ఫస్టొస్తడు," అని జైరాం నన్ను చూశాడు.

జిల్లా ఎందుకు, రాష్ట్రమే అన్నాను నేను. సంసోనన్న మాత్రం ఒకటే అడిగాడు. "దీనికి రూల్సు బుక్కు ఏది?"

"ఉంటది భాయ్. మనం ఊకె మొదలు పెడదాం."

"రూల్సు లేకుండ ఎట్ల మొదలువెడ్తవు? బండి తాళం లేకుండ ఎక్కినట్టు."

ఆ బుక్కు కోసం సంసోనన్న సెలవు పెట్టి ఖమ్మం వెళ్ళాడు. నేను తోడు వెళ్ళాను. ఖమ్మంలో నాకు తెలియని గల్లీ లేదు కనుక రెండుసార్లే దారి తప్పాం. మొదటి పుస్తకాల షాపులో ఆయన, పాత్ర తయారుచేసుకునే ఆట రూల్సు పుస్తకం కావాలని అడిగాడు. షాపతను తల ఎత్తకుండా, "ఏ పరీక్షకు?" అన్నాడు.

"పరీక్ష లేదు సార్."

అప్పుడు తల ఎత్తాడు. "పరీక్ష లేకుండ బుక్కెందుకు?"

సంసోనన్న నా వైపు చూశాడు. నేను పరీక్షలకు పుస్తకాలు కొన్న మనిషిని కాదు కాబట్టి రోడ్డు వైపు చూశాను. రెండో షాపులోనూ ఏ పరీక్షకనే అడిగారు. మూడో షాపతను జాలిపడి, కానిస్టేబులు పరీక్షకు మంచి మెటీరియల్ ఉంది, వయసు దాటితే పిల్లలకైనా పనికొస్తుంది అన్నాడు. చేతులు ఊపుకుంటూ తిరుగు బస్సెక్కాం. కొత్తగూడెం దాటాక ఆయన అన్నాడు: "తమ్మీ, ఆడేటోళ్ళు ఉన్నరు గద. వాళ్ళకు బుక్కు ఎవరిచ్చిండ్రు?"

ఆఖరికి ఇచ్చింది దానిష్ ఫోనే. నెట్‌లో వెతికితే ఉచితంగా దించుకోమని ఎన్నో దొరికాయట. అన్నింటి అట్టల మీదా ఒకలాంటి గడ్డం ముసలాడు, ఒకలాంటి కర్ర. మంచివనిపించిన మూడింటిని దించాడు. ఇంగ్లీషును ఫోనుచేతే తెలుగు చేయించి, ప్రింటు తీశాడు. వాడి షాపులో ఒక పద్ధతుంది. ఒక గిరాకీ తెచ్చినవన్నీ కలిపి ఒకే స్పైరల్ వేస్తాడు. పరీక్షల పిల్లలకు అలాగే అలవాటు. సంసోనన్న ఒక గిరాకీ, కనుక ఒక స్పైరల్. ఆఖరి కాగితాలు వస్తుండగా కరెంటు పోయింది. వచ్చినంత వరకు బైండు చేసి ఇచ్చేశాడు.

అవి ఒక ఆట రూల్సు కావు, మూడు వేరు వేరు ఆటలవి. ఆ సంగతి మా నలుగురిలో ఎవరికీ తట్టలేదు. తట్టి ఉంటే మొదట నాకే తట్టేది.

ఇంకో చిక్కు, ఇరవై ముఖాల పాచిక కావాలని ఉంది అందులో. పాచిక కనిపిస్తే వదిన ఆ క్షణమే వరండా కడిగించి కూడికకు ఇచ్చేస్తుంది. దానికి సంసోనన్నే ఉపాయం పట్టాడు. కాలనీ క్లబ్బులో ఆడవాళ్ళు తంబోలా ఆడతారు. ఆ అంకెల బిళ్ళల సంచి వదిన దగ్గరే ఉంటుంది. అందులోంచి ఒకటి నుంచి ఇరవై వరకు బిళ్ళలు అడిగి తెచ్చి, ఖాళీ పౌడరు డబ్బాలో వేశాడు. ఆడవాళ్ళు ఆడే బిళ్ళలకు వదిన ఏమంటుంది?

మొదటి ఆదివారం రానే వచ్చింది. వరండాలో చాప వేశారు. లోపల వదిన బియ్యం ఏరుతూ చెవులు ఇటే పెట్టింది.

సంసోనన్న కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పుట నుంచి చదివాడు. "బలము, చురుకుదనము, జ్ఞానము. ఒక్కొక్కదానికి సంఖ్య తీయుము. సంఖ్య ఎంత పెద్దదైన అంత మంచిది."

నా బలానికి పద్దెనిమిది వచ్చింది. రాక ఏం చేస్తుంది. నా పాత్ర బూర్గంపాడు దగ్గర గోదాట్లో మునిగి ధవళేశ్వరంలో తేలి, మధ్యలో ఊపిరి పీల్చుకోవడం మరిచిపోయినవాడు. జైరాంకు అన్నీ మూడు, నాలుగు. వాడి పాత్ర నిలబడితే పడిపోయేటట్టుంది.

"నీ పాత్రను దవాఖానల చేర్పియ్యి," అన్నాను.

చాలా పుటలు దాటాక సంసోనన్న ఆగాడు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. "ఇక్కడ ఇంకో తీరుంది. సంఖ్య ఎంత చిన్నదైన అంత మంచిదంట."

"గట్లెట్లయితది?" అన్నాను.

"కొత్త సర్క్యులర్ వచ్చింది. పాతది రద్దు." ఆయనకు అనుమానమే రాలేదు.

జైరాం నెమ్మదిగా నవ్వాడు. ఒక్క పుటతో వాడు భీముడయ్యాడు, నేను గోదావరి మధ్యలో ఉండిపోయాను.

మళ్ళీ మొదలుపెట్టాం. యోధుడా, మాంత్రికుడా, దొంగా ఎంచుకోమంటే దానిష్ మాంత్రికుడయ్యాడు. ఇంకొన్ని పుటలు పోయాక ఈ ఆటలో మాంత్రికులు లేరని వచ్చింది. దానిష్ పుస్తకం లాక్కుని చూశాడు. "నేనే ప్రింటు తీసిన గద, నాకే సమజైతలేదు," అన్నాడు. ఒకచోట చచ్చినవాడు మూడు రోజులకు లేస్తాడని, ఇంకోచోట చస్తే చచ్చినట్టేనని ఉంది. సంసోనన్న ప్రతిసారీ వెనక పుటను రద్దు చేసి, మా పాత్రలను కొట్టేసి, మళ్ళీ రాయించాడు. ఎండ చాప మీదికి వచ్చింది. ఆట ఇంకా మొదలు కాలేదు.

అప్పుడు వదిన చాట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమయ్యా, ఎవరు గెలుస్తున్నరు?"

"గెలుసుడు లేదు," అన్నాడు సంసోనన్న.

"ఓడుతున్నదెవరు?"

"ఓడుడు సుత లేదు."

"మరెందుకు కూసున్నరు?"

సంసోనన్న పుస్తకంలో వెతికాడు. దానికి రూలు దొరకలేదు. నేను నోరు తెరవబోతే వదిన చాటతోనే ఆపింది.

"సాయంత్రం కూడికోళ్ళకు మాట చెప్పాలె నేను," అంది వదిన.

సంసోనన్న గబగబా పుటలు తిప్పి ఆఖరి కాగితం దగ్గర ఆగాడు. అది మూడో ఆటది. చాలా చిన్నది. ఆఖరి సర్క్యులర్ కనుక ముందున్నదంతా రద్దు. గొంతు సవరించుకుని చదివాడు. "నీ పేరు చెప్పుము. నీకు ఏమి కావలెనో చెప్పుము. ఒక సంఖ్య తీయుము. పదికి పైన వచ్చిన యెడల అది జరుగును. పదికి క్రింద వచ్చిన యెడల జరగదు."

"గింతేనా?" అన్నాడు జైరాం. "పొద్దుందాక మమ్ముల సంపి బతికిచ్చినవు గద."

"ముందు నువ్వే చెప్పు భాయ్," అన్నాడు దానిష్. "నీ పాత్ర పేరేంది?"

"సంసోను."

"అది నీ పేరు భాయ్."

"ఇంకో పేరు నాకేడిది?"

"సరే. ఏం కావాలె?"

సంసోనన్నను షిఫ్టు ఎప్పుడని అడిగినవాళ్ళున్నారు, ఎన్ని ట్రిప్పులని అడిగినవాళ్ళున్నారు. ఇది అడిగినవాళ్ళు ఉన్నట్టు లేదు. పుస్తకంలో చూశాడు, చాప చూశాడు, మమ్మల్ని చూశాడు.

"ఆదివారం ఈ వరండ," అన్నాడు.

వదిన చాట కింద పెట్టింది. "ఆ డబ్బ ఇటియ్యి. మీ చేతులు నేను నమ్మ." పౌడరు డబ్బాను తంబోలాలో ఊపినట్టే ఊపి, కళ్ళు మూసుకుని ఒక బిళ్ళ తీసింది.

పది.

నేను చెప్పే మాటల్లో కొన్ని నమ్మనక్కర్లేదు. ఇది మాత్రం నమ్మాలి. సరిగ్గా పది.

సంసోనన్న కాగితం కింది వరుస చదివాడు. "సరిగ్గా పది వచ్చిన యెడల తరువాతి పుట చూడుము." తిప్పాడు. అట్ట వచ్చింది. తరువాతి పుట లేదు.

అందరం దానిష్‌ను చూశాం.

"కరెంటు పోయింది అక్కా," అన్నాడు వాడు వదినతో.

"ఇప్పుడు నేను కూడికోళ్ళకు ఏం చెప్పాలె?" వదిన బిళ్ళను తిప్పి తిప్పి చూసింది, రెండో వైపు ఇంకేదైనా అంకె ఉంటుందేమోనన్నట్టు.

"కొత్త సర్క్యులర్ వచ్చేదాక ఉన్నది ఉన్నట్టే నడవాలె," అన్నాడు సంసోనన్న. అది ఆయన బతిమాలడం కాదు. గనిలో నిజంగా అదే రూలు.

ఎటు తేలిందో వదినకూ తెలిసినట్టు లేదు. "ఈ వారం కూడిక రాహేలమ్మ ఇంట్ల పెట్టుకుంటం," అంది చివరికి. "ఆ కాగితం దొరికిచ్చుకో. అప్పుడు చూద్దాం." బిళ్ళను డబ్బాలో వేసి, మూత తనే గట్టిగా పెట్టింది.

ఆ పుట దానిష్ ఫోనులో ఉంది. వాడు ఫోను తీసి, ఒకసారి చూసి, నన్ను చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అందులో ఏముందో నాకూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అది దొరకనంతకాలం వరండా మాదే కదా.

పోయిన బుధవారం సంసోనన్న మళ్ళీ ఖమ్మం వెళ్ళాడు. అదే మొదటి షాపు, అదే మనిషి. ఏ పరీక్షకని అడిగితే, పది వచ్చిన వాళ్ళు ఏం చెయ్యాలో అది కావాలి అన్నాడట. షాపతను చాలాసేపు ఆలోచించి, లోపలికి వెళ్ళి వెతికాడట.