సాయమ్మ దిగిన స్టేజీ

తొంభైల్లో ఓసారి చక్కెర ఫ్యాక్టరీలో పంపు బాగుచేయడానికి కాకినాడ నుంచి వచ్చి, నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాను. నా ముందు నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, కుదుపుల్లోనే బీడీలు చుడుతున్నారు. వాళ్లలో చిన్నది సాయమ్మ. మొగుడు కొడితే పుట్టింటికి పోయిందనీ, అతను బతిమాలితే తాము తోడుండి తీసుకొస్తున్నామనీ ఆ నలుగురిలోనే ఉన్న పొరుగింటి పెద్దావిడ గొంతు తగ్గించకుండానే చెప్పింది.

"మా వైపు ఇలాంటివి గడప దాటనివ్వరండి," అన్నాను.

"గడప దాటకుంటే ఆని చెయ్యి ఎవలు పడుతరు బిడ్డా?" అని నవ్వింది.

వాళ్ల స్టేజీలో మొగుడు నిలబడి ఉన్నాడు. సాయమ్మ మెట్టు మీదే ఆగింది.

"మళ్ల చెయ్యి లేపనని అందరి ముందట చెప్పు. అప్పుడే దిగుత."

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. మొగుడు తల దించుకుని ఏదో గొణిగాడు.

"ఎనక సీటోళ్లకు ఇనవడలే అన్నా," అన్నాడు కండక్టర్.

"లేపను! ఒట్టు, లేపను!"

బస్సంతా నవ్వింది. సాయమ్మ మాత్రం నవ్వకుండా అతని మొహం కాసేపు చూసి, దిగింది. వెనకాలే ముగ్గురూ దిగారు.

"ఇయ్యాల నీ వాకిట్లనే చుడుతం," అంది పెద్దావిడ అతనితో. "పో, చాయ్ పెట్టు. సాయమ్మకు గూడ."