షేక్‌దారుకు పెట్టిన ఒబ్బట్లు

మా ఊళ్లో ఎస్సెస్సెల్సీ ప్యాసైన మొదటి ఆడపిల్లను నేనే. ఆ మాట చెప్పుకుని మురిసింది మాత్రం రెండు నెలలే.

బాగేపల్లి హైస్కూలు హెడ్‌మేష్టరు కన్నడ పేపరు చంకలో పెట్టుకుని మా ఊరిదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పేద రైతుల పిల్లలు హైస్కూలు దాటి చదివితే ఫీజూ హాస్టలు ఖర్చూ సర్కారే భరించేటట్టు బెంగళూరులో కొత్త శాసనం చేశారట. అర్జీ ఆయనే రాసి నా చేత సంతకం పెట్టించాడు. చింతామణి కాలేజీలో చేరిపోవచ్చన్నాడు. ఇక మిగిలింది ఒకటే. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసిన మా హోబళి మీద రెవెన్యూ అధికారి అయిన షేక్‌దారు ఇంటికొచ్చి, మేము నిజంగా లేనివాళ్లమేనా అని చూసి రిపోర్టు రాయాలి.

నిజంగానే లేనివాళ్లం. పేరుకు భూమి ఉంది, దాని మీద వాన లేదు. రెండేళ్లుగా చెనక్కాయలకు వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. ఎద్దుల్ని అమ్మేశాం. ఏ పూటైనా సంగటీ, ఊరుబిండి పచ్చడే.

అయితే ఒక ఆఫీసరు మా గడప తొక్కడం అదే మొదలు. కబురు తెలియగానే అమ్మకు కాలు నిలవలేదు. ఒబ్బట్లు చేయాలని కందిబేడలు పక్కింట్లో, బెల్లం ఎదురింట్లో, నెయ్యి ఇంకొకరింట్లో అడిగి తెచ్చింది. నాన్న మా పెదనాయన ఎద్దుల్ని తోలుకొచ్చి ఖాళీ కొట్టంలో కట్టేశాడు. అంగడి శెట్టెమ్మ దగ్గర వెండి పళ్లెం, వెండి లోటా ఇప్పించుకు రమ్మని నన్ను పంపారు. పేదవాళ్లమని చూపించాల్సిన రోజున ఇదేమిటని అడిగాను.

"ఇంటికొచ్చినోళ్ల ముందర మన లేనితనం పరస్తామా పాపా? ఆయప్ప కడుపు సల్లగుంటే నీ పని అయితాది," అంది అమ్మ.

అబద్ధమెందుకు, నాకూ ఆ ముస్తాబు నచ్చింది. ఆ పళ్లాన్ని చింతపండు పెట్టి తళతళలాడేదాకా తోమింది నేనే.

షేక్‌దారు మంచివాడే. పీట మీద కూర్చుని నెయ్యి వేసుకుని నాలుగు ఒబ్బట్లు తిన్నాడు. చేయి కడుక్కుంటూ కొట్టం వైపు చూసి ఎద్దులు బాగున్నాయన్నాడు. నాన్న కాదనలేదు, మీసం సవరించుకున్నాడు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగనూనె అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ సాయంత్రమే ఎద్దులు పెదనాయన కొట్టానికీ పళ్లెం శెట్టెమ్మ ఇంటికీ వెళ్లిపోయాయి.

నెల తిరక్కుండా తాలూకా కచేరి నుంచి కన్నడంలో కాగితం వచ్చింది. ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. ఇంట్లో కాడెద్దులూ వెండి సామానూ ఉన్నందున, ఈ కుటుంబం స్థితిపరులదని తేలినందున అర్జీ తోసివేశామని రాసి ఉంది.

"ఏమని ఉండాది పాపా?" అంది అమ్మ.

నీ ఒబ్బట్లే నా కాలేజీని మింగేశాయని అరవాలనిపించింది. ఆ రోజు పెనం అంటుకుని కాలిన గాయం ఆమె ముంజేతి మీద ఇంకా మానలేదు.

"సీట్లు నిండిపోయినాయంటమ్మా," అన్నాను.

మళ్లీ అర్జీ పెడదామన్నాడు మేష్టరు. పెడితే షేక్‌దారు మళ్లీ వస్తాడు. ఈసారి కొట్టం ఖాళీగా ఉంచమని చెప్పాలంటే, మొదటిసారి ఏం జరిగిందో అమ్మకు చెప్పాలి. చదువు మీద మనసు లేదని మేష్టరుతో చెప్పాను. ఆయన నమ్మలేదు. అయినా సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మంచం పట్టిన తర్వాత కూడా అమ్మ, చూడవచ్చిన వాళ్లందరికీ ఆ భోజనం సంగతి చెప్పేది. నాలుగు ఒబ్బట్లు తిన్నాడని వేళ్లు చూపించేది.

"సీట్లు లేకపాయె గానీ, ఆ షేక్‌దారప్ప మన పాపకు మంచిగానే రాసింటాడు," అనేది చివర్లో.

అవునమ్మా, మంచిగానే రాశాడు అనేదాన్ని.