గాజుపట్టీ, ఎనిమిది సెల్లులు

సెల్‌ఫోన్లలో పనికొచ్చే కెమెరాలు ఇంకా రాని రోజులవి. ఆ ఏడు వానాకాలం మొదట్లో అసిస్టెంట్ ఇంజనీరుగా నన్ను పాతబస్తీలో శిథిల భవనాల తనిఖీకి వేశారు. శాలిబండలో యాదగిరి ఇల్లు నా వంతుకు వచ్చింది. కింద అతని మిక్సీ రిపేరు దుకాణం, పైన కాపురం. మెట్ల పక్క గోడ నిలువునా పగిలిందని, ఇల్లు మొత్తం ఖాళీ చేయాలని అప్పటికే నోటీసు వెళ్లింది.

"మేడం, ఖరాబైంది గీ గోడ ఒక్కటే. ఇల్లంత ఏం జేసింది? దుకాణం పోతే మేం ఏడికి పోవాలె?" అన్నాడు యాదగిరి మొదటి రోజే. గోడ ఇంకా కదులుతోందా, ఎప్పుడో కదిలి ఆగిపోయిందా అన్నది నోటీసు రాసినవాళ్లు చూడనే లేదు. నాకు ఒళ్లు మండింది.

అది తేల్చడానికి మాకొక పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా పలుచని గాజుపట్టీని సిమెంటుతో అతికిస్తాం. గోడ ఏమాత్రం కదిలినా గాజు పగులుతుంది. యాదగిరి గోడకూ ఒకటి అతికించాను. వెళ్లినప్పుడల్లా పక్కన తేదీ రాసిన పలక పెట్టి ఫొటో తీయాలి. నోటిమాట ఫైలులో చెల్లదు.

ఆ మెట్ల దగ్గర పట్టపగలే చీకటి. ఫ్లాష్ లేనిదే పని జరగదు, ఫ్లాషేమో సెల్లులను తాగేస్తుంది. మా కెమెరాకు నాలుగు పెన్సిల్ సెల్లులు కావాలి. కొట్లో దొరికే మామూలువి వేస్తే లెన్సు సగం బయటికొచ్చి ఆగిపోయేది. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునేవాటిలో పాత నికెల్ కాడ్మియం రకం మొండిదే కానీ తొందరగా అయిపోయేది. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం ఎక్కువ ఫొటోలు ఇచ్చేది, కాకపోతే ఛార్జి చేసి బీరువాలో పెడితే వాడకుండానే దిగిపోయేది. అన్నిటికంటే మేలు లిథియం బ్యాటరీ. దానితో నడిచే కెమెరా ఆఫీసుకంతా ఒక్కటే, అది ఈఈ గారి వెంట తిరిగేది. ఈఈ అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నోటీసుపై ఆఖరి మాట ఆయనదే.

ఒక రాత్రి కుండపోతగా వాన కురిసింది. తెల్లారగానే ఈఈ గారి నుంచి ఫోను. మధ్యాహ్నంలోగా ఫొటో రాకపోతే గాజు పగిలినట్టే లెక్క, ఇల్లు ఖాళీ చేయిస్తామన్నారు.

పరుగున వెళ్లాను. గాజు చెక్కుచెదరలేదు! ప్రాణం లేచొచ్చింది. తీరా కెమెరా నొక్కితే తెర వెలిగి ఆరిపోయింది. రెండో సెట్టు వేశాను, అదే వరస. రెండూ ముందురోజు సాయంత్రమే ఛార్జి చేసిన మెటల్ హైడ్రైడ్ సెల్లులు. యాదగిరి భార్య రాములమ్మ అప్పటికే గిన్నెలు మూట కడుతోంది. "గాజు మంచిగనే ఉన్నది గదా మేడం. గా డబ్బా సచ్చిపోతే మేం బయటికి పోవాల్నా?" అంది. నాకు సిగ్గేసింది.

యాదగిరి దుకాణంలోని వోల్టేజి మీటరు అడిగి తీసుకున్నాను. ఎనిమిది సెల్లులూ బాగున్నట్టే చూపించింది. ఊరికే పెట్టి కొలిస్తే అంతే, సెల్లుకు పని చెప్పి కొలవాలి. టార్చి బల్బు తగిలించి ఒక్కొక్కదాన్నీ మళ్లీ చూశాను. ఆరు నిలబడ్డాయి. రెండు చతికిలబడ్డాయి, సెట్టుకొకటి. మా స్టోరులో పాతవీ కొత్తవీ ఒకే డబ్బాలో పోసి, చేతికందిన నాలుగు తీసి ఛార్జి చేసేవారు. నాలుగింటిలో ఒక్కటి కూలబడినా కెమెరా సెట్టు మొత్తం అయిపోయిందనే అనుకుంటుంది.

మంచి ఆరింటిలోంచి నాలుగు వేశాను. ఫ్లాష్ మెరిసింది.

"అచ్చిందా?" అంది రాములమ్మ. తెర మీద గాజుపట్టీని, పక్కన తేదీని చూపించాను. ఆమె అక్కడే కూర్చుని మూట విప్పడం మొదలుపెట్టింది.

ఫొటో వేళకే ఈఈ గారికి చేరింది. వానలు వెనకబట్టేదాకా ఆ గాజు పగల్లేదు. ఇంటికి దన్ను పెట్టి ఆ ఒక్క గోడనే విప్పి కట్టుకోవచ్చని నేను రిపోర్టు రాశాను, ఆయన సంతకం పెట్టారు. ఆఫీసులో సెల్లులను నాలుగేసి చొప్పున రంగు టేపు చుట్టి విడదీశాను. కలిసి ఛార్జి కావాలి, కలిసే వాడాలి. స్టోరు గుమాస్తా నన్ను బ్యాటరీ మేడం అని ఎగతాళి చేశాడు. చేసుకోనీ అనుకున్నాను.

రిటైరయ్యేదాకా, ఏ ఇల్లయినా మొత్తం పోయిందని రాసేముందు ఏ గోడ పోయిందో విడిగా చూశాను. చాలా ఇళ్లలో పోయింది ఒక్క గోడే.