రేవులో ఉండిపోయిన మనిషి

నా పెళ్లయిన ఏడాదే వానలు లేక కోసిగి దగ్గర మా చేను ఎండిపోయింది. నా భర్త రంగూన్‌లో బియ్యం మిల్లు పని కుదుర్చుకున్నాడు. "ఓడెక్కేముందు మద్రాసులో రెండు దినాలుందాం. ఆడ దిగినంక ఇంగో రెండు దినాలు ఊరు సూసి పనిలోకి పోదాం" అన్నాడు. మద్రాసులో సముద్రం చూస్తూ పిల్లల్లా తిరిగాం.

రేవులో ఆడవాళ్లను, మగవాళ్లను డాక్టర్లు వేర్వేరుగా పరీక్షించారు. నేను ముందే ఓడెక్కాను. ఆయనకు జ్వరముందని ఆపేశారు. ఆ సంగతి తెలిసి నేను దిగబోయేసరికి నిచ్చెన లాగేశారు.

"భయపడాకు! ఎనక వచ్చే ఓడకు వస్తా!" అని గట్టు మీది నుంచి అరిచాడు.

మా ఇద్దరి రొట్టెల మూటా నా దగ్గరే ఉంది. ఆయనేం తింటాడోనని నాకు ముద్ద దిగలేదు. దారి పొడవునా నా పక్కన తెలుగు మాట్లాడే ఆడమనిషే దొరకలేదు.

రంగూన్ రేవులో దిక్కుతోచక నిలబడితే, అక్కడి తెలుగువాళ్ల చర్చి పాదిరిగారు నాకు వసారాలో చోటిచ్చారు. మద్రాసు ఓడ వచ్చినప్పుడల్లా రేవుకు పోయి, దిగేవాళ్ల ముఖాలు వెతికేదాన్ని. చివరికొకనాడు ఆయన దిగాడు, చిక్కి సగమై.

"ఊరంతా సూసినావా?" అన్నాడు.

"ఈ రేవు తప్ప యాడికీ పోలేదు" అంటూ ఏడ్చేశాను.

ఇన్నేళ్లయినా, నేను పిలిచినప్పుడు ఆయన పలకడం కాస్త ఆలస్యమైతే చేతిలో పని వదిలేసి ఆయన ముఖం వెతుక్కుంటూ పోతాను.