కోదాడ బస్సే అన్నాను

మా ఊరు మునగాల పరగణాలో ఉండేది. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ దీవిలాగా మా పరగణా ఇంగ్లీషువాళ్ల కింద. పొలిమేర దాటితే వేరే సర్కారు, వేరే నాణెం, కాగితాల మీద వేరే భాష. అందుకే నేను సూర్యాపేటలో చదవబోతున్నానంటే, ఎడ్లబండి మీద పోగలిగినంత దూరమే అయినా, మా ఊరివాళ్లు పరదేశం పోతున్నట్టే చెప్పుకున్నారు. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోతారట అని అందరూ అనుకుంటున్న రోజులవి.

నన్ను పంపడానికి నాన్నకు ఒకటే కారణం. మా మెట్ట చెలకలు కొన్ని హద్దుకు అవతల పడ్డాయి. వాటి గురించి వచ్చే ప్రతి కాగితమూ ఉర్దూలో ఉండేది. అది పట్టుకుని ఎవరో ఒకరి అరుగు మీద కూర్చోవడం ఆయనకు తల కొట్టేసినట్టుండేది. “నువ్వు ఉర్దూ నేర్చుకున్నావంటే నేనింకెవరి గడపా తొక్కను” అన్నాడు.

సూర్యాపేటలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నాయన నాన్నకు పాత స్నేహితుడు. నన్ను వాళ్లింట్లో దించారు. ఆయన్ని చిన్నాయన అనీ, ఆయన భార్యను చిన్నమ్మ అనీ పిలిచేవాణ్ని. వాళ్లకు ఒక్కతే కూతురు, నాకంటే మూడు నాలుగేళ్లు చిన్నది. నన్ను అన్నా అనేది.

మొదటి రోజే చిన్నమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రొట్టె విరిచాను గానీ నమలడం రాలేదు. నీళ్లు తాగి మింగుతుంటే చూసి, “ఇడ్సిపెట్టు బిడ్డా, రేపటిసంది బువ్వ వండుత” అంది. అప్పట్నుంచి నాకొక్కడికే చిన్న గిన్నెలో అన్నం ఉడికేది. వాళ్లు ముగ్గురూ రొట్టెలు తింటుంటే నా విస్తట్లో తెల్లగా అన్నం. తల ఎత్తకుండా తినేవాణ్ని. ఒకరోజు రొట్టే పెట్టమంటే, “నీ కడుపు మాడిస్తే మీ అమ్మకు ఏం జవాబు చెప్పాలె?” అని కసిరింది.

బళ్లో ఇంకా ఘోరం. మా ఊళ్లో ఎనిమిదో తరగతిలో అందరికంటే ముందుండేవాణ్ని. ఇక్కడ నాకు ఉర్దూ మొదటి అక్షరం అలీఫ్ కూడా రాదు గనక చిన్నపిల్లల తరగతిలో కూర్చోబెట్టారు. వాళ్ల బల్లల కింద నా మోకాళ్లు పట్టేవి కావు. మొదటిసారి పేరు పిలిచినప్పుడు అందరిలా ‘హాజిర్’ అనకుండా “వచ్చానండీ” అన్నాను. తరగతంతా గొల్లుమంది. ఉర్దూ చెప్పే మౌల్వీ సాబు మంచివాడు. నవ్విన వాళ్లను కసిరి నన్ను దగ్గరికి పిలిచి, నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించాడు. మూతి మీద నూనూగు మీసం వస్తున్నవాడి చెయ్యి పట్టుకుని దిద్దించడం! ఆయన కొట్టినా బాగుండేదనిపించింది.

చిన్నాయన కూతురు బడికి పోదు. అయినా తండ్రి ఇంట్లో నేర్పితే ఉర్దూ గడగడా చదివేది. సాయంత్రాలు నా పక్కన కూర్చుని, “గది కాఫ్ అన్నా. మీద ఇంకొక గీత ఉంటె గాఫ్ అయితది” అని ఓపిగ్గా చెప్పేది. నాకు ఒళ్లు మండేది, దాని మీద కాదు, నా మీద.

అలా ఎండాకాలం వచ్చింది. కోదాడలో చిన్నమ్మ అక్కకు కొడుకు పుట్టాడు. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. వాణ్ని ఉయ్యాల తొట్లెలో వేసే పండగకు తప్పకుండా రమ్మని కబురొచ్చింది. చిన్నాయనకు కచేరీ పని. అదే సమయానికి నన్ను చూడ్డానికి నాన్న వచ్చాడు గనక, మమ్మల్ని ముగ్గుర్నీ కోదాడ చేర్చే బాధ్యత ఆయన తీసుకున్నాడు.

మధ్యాహ్నం బస్సుల దగ్గరికి చేరేసరికి రెండు బస్సులు కదలడానికి తయారుగా ఉన్నాయి. జనం తోసుకుంటున్నారు. చిన్నమ్మ తల మీద బెల్లం బుట్ట, చేతిలో చంటివాడికి కుట్టిన బొంత. నాన్న దగ్గరున్న బస్సు చూపించి, “ఇదేనా కోదాడది?” అన్నాడు. ఆ పిల్ల తల ఎత్తి బోర్డు చూసి, “కాదు పెదనాయినా, గిది...” అంటుండగానే నాన్న నవ్వి, “ఉండమ్మా, మా వాడున్నాడుగా. ఒరేయ్, నువ్వు చదువు” అన్నాడు. పక్కనున్న ముసలాయనతో, “మావాడు ఇక్కడే ఉర్దూ చదువుతున్నాడు” అని కూడా చెప్పాడు.

బోర్డు కేసి చూశాను. ఉర్దూ కుడివైపు నుంచి చదవాలి. తెలుగు అలవాటుకొద్దీ నా చూపు ఎడమ చివరికే పోయింది. అక్కడ కాఫ్ లాంటిది, దాని పక్కన ఓకారానికి రాసే వావ్ కనిపించాయి. కో. ముసలాయన నా మొహం కేసి చూస్తున్నాడు. నాన్న అంతకంటే ఎక్కువగా చూస్తున్నాడు.

“కోదాడే” అన్నాను.

ఆ పిల్ల ఒక్కసారి నా వంక చూసి నోరు మూసుకుంది. ఎక్కేశాం.

నాన్న మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. బయట ఏమీ కనిపించదు. గరిడేపల్లి దాటాక ఎవరో దిగితే కిటికీ దగ్గర చోటు దొరికింది. బయటికి చూసి, “ఇది మన దారి కాదే” అన్నాడు. మునగాల మీదుగా కోదాడ పోయే దారి ఆయనకు కొట్టిన పిండి. కండక్టరు టికెట్లకని అప్పుడే మా దాకా వచ్చాడు. కోదాడకు అనగానే పెద్దగా నవ్వాడు. “కోదాడకా? గిది మిర్యాలగూడ పొయ్యే బండి. బోర్డు సదువుకోలేదా? ఈడ దిగితే ఈ పొద్దుకు ఏం దొరకది. గాడికే రాండ్రి, పొద్దుగాల కోదాడ బండి ఉంటది.”

బస్సులో వాళ్లంతా మా వైపు తిరిగారు. నేను చూసింది కాఫ్ కాదు, గాఫ్. మిర్యాలగూడలోని గూడ. మీద ఇంకో గీత ఉన్న సంగతి కనిపించనే లేదు. నాన్న ఏమంటాడో అని నా చెవులు వేడెక్కిపోయాయి. ఆయన నోరు తెరిచేలోపే చిన్నమ్మ అందుకుంది.

“పిలగానిదేం లేదన్నా. నేనే ఎక్కుర్రి ఎక్కుర్రి అని ఆగం జేసిన. జర ఆగితే వాడే మంచిగ సదువుతుండె.”

బస్సెక్కేటప్పుడు ఆమె అలాంటి మాటేదీ అనలేదు. నాన్నకూ తెలుసు. ఆయన నా వైపు చూడకుండా, “సరేలేమ్మా” అన్నాడు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేవాణ్నేమో.

మిర్యాలగూడలో సత్రం లాంటి ముసాఫిర్‌ఖానాలో దిగాం. చిన్నమ్మ బొంత ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. “మా అక్క ఎదురుసూస్తుంటది” అని తనలో తను అనుకుంది, మాకు వినిపించాలని కాదు. తొట్లె పండగ తెల్లారి పొద్దున్నే. మేం అందుకోలేం. నాన్న బజారుకు పోయి అటుకులు, అరటిపళ్లు తెచ్చి ముందు వాళ్లకు పెట్టి, తర్వాత నా వైపు జరిపాడు.

మరునాడు కోదాడ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వాకిట్లో ఎంగిలి విస్తళ్లు ఎత్తేస్తున్నారు. చిన్నమ్మ అక్క గడపలోనే నిలబడి, “అంతా ఖతమయినంక వచ్చినవా? మా ఇంట్ల శుభం జరుగుతుంటే నీకు తీరలేదా?” అని బావురుమంది. చిన్నమ్మ, “బండి ఖరాబయిందక్కా, ఏం జెయ్యను” అంటూ ఆమెను కౌగలించుకుంది. ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. నిజం చెప్పాలని నా నాలుక దాకా వచ్చింది. చిన్నమ్మ నా మొహం చూసి కళ్లతోనే వద్దంది.

భోజనాలయ్యాక అక్క తేరుకుని చంటివాణ్ని ఎత్తుకొచ్చింది. నన్ను చూసి, “నువ్వేనా పేటల సదువుకునే పిలగానివి? జర వీన్ని ఒళ్లె కూసోబెట్టుకో. సదువుకున్నోళ్ల ఒళ్లె పెడితే సదువబ్బుతదంటరు” అంది.

నేను వెనక్కి జరిగాను. “సిగ్గుపడుతుండు” అని నవ్వి, వాణ్ని నా ఒళ్లో పెట్టేసింది. చిన్నమ్మ తెచ్చిన కొత్త బొంతలో వెచ్చగా ఉన్నాడు. నా చొక్కా గుండీ పట్టుకున్నాడు. చుట్టూ ఆడవాళ్లు మురిసిపోతున్నారు. గుమ్మం దగ్గర నాన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను గుండీ విడిపించుకోబోతుంటే అక్క వాణ్ని త్వరగానే తీసుకుంది.

ఆ సాయంత్రం నాన్న చిన్నమ్మతో, “వీణ్ని నాతో తీసుకుపోతానమ్మా. మీకు ఊరికే బరువు” అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. “నడుమల తీస్కపోతరా అన్నా? ఏం తప్పు జేసిండని? ఆ లిపి మొదలువెట్టి ఏడాదన్న కాలె.” నాన్న నా వైపు తిరిగి, “ఏమంటావురా?” అని అడిగాడు. ఉంటానని చెప్పాను. చదువు మీద ఇష్టంతో కాదు. మా ఊరికి పోతే అందరూ నన్ను ఉర్దూ చదవమంటారు, అందుకు.

ఇంకో ఏడాది ఉన్నాను. ఆ పిల్ల పక్కన కూర్చుని చదవడానికి తర్వాత నామోషీ పడలేదు. ఆఖరికి నిజాం రాజ్యంలో గడబిడలు ముదిరి బడి మూతపడింది, ఇంటికి వచ్చేశాను. సర్కారు మారింది, కాగితాల భాషా మారింది. నాన్నకు నేను చదివి పెట్టిన ఉర్దూ కాగితాలు బహు కొద్ది. చదువుతున్నంతసేపు ఆయన నా పక్కన నిలబడేవాడే గానీ, మావాడు చదువుతాడు అని మళ్లీ ఎవరితోనూ చెప్పగా వినలేదు.