ముందే నింపిన గడి

ఆఫీసులో అందరూ ఆయన్ని ఎదురుగా సార్ అనేవాళ్ళు, వెనకాల ఎంటర్ గారు అనేవాళ్ళు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఆయన దగ్గర ఒకటే మందు: "ఎంటర్ కొట్టండి, చాలు." కంప్యూటరు బిగుసుకుపోయినా అదే మాట, ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా అదే మాట. ఇంట్లో కుళాయి కారినా అదే చెప్పేవాడేమో, అంత దూరం మనం వెళ్ళలేదు.

కాలు పోయినవాళ్ళకి పెట్టుడు కాలు ఇప్పించే ఆఫీసు అది. కాళ్ళు అక్కడ తయారవవు. అక్కడ కొలతలు తీసి షీట్‌లో ఎక్కిస్తారు, ఆ షీట్ వేరే ఊళ్ళో ఉన్న కార్ఖానాకి వెళ్తుంది. కార్ఖానావాళ్ళు మనిషి మొహం చూడరు. షీట్‌లో ఏముంటే అది చేసి అట్టపెట్టెలో పంపిస్తారు. మోకాలి కిందనుంచి వేళ్ళదాకా అంతా ఒకటే పోత. తేడా వస్తే విప్పి మార్చడానికి లేదు, మళ్ళీ మొదటినుంచి చేయాల్సిందే.

ఎంటర్ గారు అక్కడ డాక్టరూ కాదు, కొలతలు తీసే మనిషీ కాదు. ఫైళ్ళు సర్దే గుమాస్తాగా చేరాడు. ఫోనులో వీడియోలు చూసి ఎక్సెల్ నేర్చుకున్నాడు. నేర్చుకుంటే నేర్చుకున్నాడు, సంతోషం. కానీ ఆ నాలుగు ముక్కలు వంటబట్టేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. లోకంలో తనొక్కడికే బుర్ర ఉందనీ, మిగతావాళ్ళకి తలకాయ ఉన్నది దువ్వుకోవడానికేననీ తేల్చేశాడు. కాలు మీద కాలు వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, "వీళ్ళకి ఈ గడి చూపిస్తే పక్క గడిలో రాస్తారు. వీళ్ళతో వేగాలంటే ఫారమే చెయ్యిపట్టుకుని నడిపించాలి" అనేవాడు.

అలాంటి ఫారం ఒకటి కూర్చుని చేశాడు. పెద్ద పెద్ద అక్షరాలు. నింపాల్సిన గడులు పసుపు రంగు, ముట్టుకోకూడనివి బూడిద రంగు. వయసు గడిలో అంకెలు తప్ప ఇంకేమీ పడవు, ఖాళీగా వదిలేస్తే సేవ్ కాదు. ఊరి పేరు టైపు చేయనక్కర్లేదు, బాణం నొక్కితే జాబితా జారుతుంది. నిజం చెప్పుకోవాలి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అక్కడితో ఆగి ఉంటే మనం ఈయన గురించి మాట్లాడుకునేవాళ్ళమే కాదు.

ఆయనకి అది చాల్లేదు. నింపకపోయినా నిండే ఫారం కావాలనుకున్నాడు. అందుకని ఒక్కో గడిలో ఏది ఎక్కువగా పడుతుందో చూసి, దాన్ని ముందే పెట్టేశాడు. కాలు ఎటువైపు అన్న గడిలో ఎడమ అని పెట్టాడు. ఆ నెలలో ఎడమ కాలు పోయినవాళ్ళే ఎక్కువ వచ్చారట. అదీ ఆయన తెలివి.

కిందన ‘నింపినవారు’ అని ఇంకో గడి. ఎవరు కంప్యూటరు తెరిస్తే వాళ్ళ పేరు దానంతటదే పడుతుంది. "దొంగని పట్టుకోవడానికి" అని నవ్వాడు. సేవ్ కొట్టగానే షీట్‌లో ఆ మనిషి వరసకి తాళం పడిపోతుంది, ఇక ఎవరూ మార్చలేరు. తప్పు దొర్లితే కొత్త వరస నింపాలి, అది అందరి వెనకా చేరుతుంది. అప్పుడుగానీ వీళ్ళకి బుద్ధి రాదని ఆయన నమ్మకం. తప్పు చేసేది ఆఫీసువాళ్ళు, వెనక నిలబడాల్సింది కాలు లేనివాళ్ళు. అంత బుర్ర ఉన్నవాడికి ఆ చిన్న సంగతి తట్టలేదు.

కొలతలు తీసే ఆవిడని అందరూ కొలతలమ్మ అనేవాళ్ళు. మొదటి వారంలోనే ఆవిడ వచ్చి అడిగింది.

"సార్, ఆ ఎడమ అన్నది తీసేసి ఖాళీగా పెట్టరా. చేతిలో టేపు ఉంటుంది, ఇవతల మనిషి నొప్పి అంటుంటాడు. చూసుకోకుండా దాటిపోతోంది."

"ఖాళీగా పెడితే మీరు ఖాళీగానే పంపిస్తారమ్మా. మిమ్మల్ని నేనెరగనా."

"ఖాళీగా ఉంటే సేవ్ అవకుండా చెయ్యండి మరి. వయసుకి చేశారుగా."

మంచి సలహా. మంచిది కాబట్టే ఎంటర్ గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. టేపు పట్టుకునే మనిషి తనకి ఫారాలు నేర్పడమా? "మీ పని కొలవడం. కొలవండి, చాలు" అన్నాడు. ఆవిడ కూడా మొహం ముడుచుకుని, నాకెందుకొచ్చిన గొడవ అనుకుని వెళ్ళిపోయింది. తను నింపినవి మాత్రం రెండేసిసార్లు చూసుకునేది.

ఇలా ఉండగా ఎంటర్ గారి బావకి షుగరు ముదిరి కాలు తీసేశారు. కుడి కాలు, మోకాలి కిందికి.

ఈ బావ సంగతి కొంచెం చెప్పాలి. ఎంటర్ గారికి అమ్మానాన్నా చిన్నప్పుడే పోయారు. అక్క పెంచింది. అక్క పెంచిందంటే బావ కుట్టుమిషను పెంచిందనే. బడికి వేసుకెళ్ళిన చొక్కాలూ, ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి వేసుకెళ్ళిన ప్యాంటూ బావ చేతివే. మనవాడు పెద్ద పోటుగాడినని తిరిగే ఆ ఇస్త్రీ మడత కూడా బావ నేర్పిందే. ఆయన పనిచేసే బట్టల దుకాణంలో మిషన్లన్నీ రెండు పాదాలతో తొక్కేవి. దుకాణం యజమాని మంచివాడే, కానీ మంచితనానికీ ఒక గడువు ఉంటుంది. "బడులు తెరిచేలోగా వచ్చి మిషను తొక్కు, నీ కుర్చీ నీదే. యూనిఫారాలు మీద పడ్డాక నేను ఆగలేను, ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటాను" అన్నాడు. ఇంటిల్లిపాదీ ఆ కుర్చీ మీద ఆధారపడి ఉన్నారు.

అక్క తమ్ముడి దగ్గరికి వచ్చింది. "తమ్ముడూ, మీ ఆఫీసులో ఆ ఫారాలన్నీ నువ్వే చూస్తావటగా. బావది కాస్త దగ్గరుండి చూడరా. బడులు తెరిచేలోగా రావాలి."

"ఆ మొద్దులెవర్నీ ముట్టుకోనివ్వనక్కా. నేనే నింపుతాను."

మాట నిలబెట్టుకున్నాడు. బావని తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టి, ఆఫీసంతటినీ పిలిచాడు. ఫారం ఎలా నింపాలో వీళ్ళకి ఒకసారి చూపించినట్టూ ఉంటుంది, బావ ముందు గొప్పగానూ ఉంటుంది. కొలతలమ్మ బల్లకి అవతల నేలమీద మోకాళ్ళమీద కూర్చుని టేపు చుట్టింది. "కుడి కాలు సార్" అని మొదలుపెట్టింది.

"మా బావ కాలు ఏదో నాకు తెలీదా అమ్మా? అంకెలు చెప్పండి."

ఆవిడ అంకెలు చెప్పింది. ఆయన తెరవైపు సగం, జనంవైపు సగం చూస్తూ టపటపా కొట్టుకుపోయాడు. "చూశారా? ఇక్కడ ఎంటర్. ఇక్కడ ఎంటర్. బుర్ర వాడాల్సిన పనే లేదు." అన్నమాట ప్రకారమే, వాడలేదు. సేవ్ అన్న ఆకుపచ్చ బొత్తం నొక్కి, చేతులు దులుపుకుని, "అయిపోయింది బావా, ఇక నిశ్చింతగా ఉండు" అన్నాడు. బావ మురిసిపోయాడు. మా బావమరిది చేసిన ఫారం అని, దారిలో ఆటోవాడికి కూడా చెప్పాడు.

బడులు తెరవడానికి ముందు వారం అట్టపెట్టె వచ్చింది. బావ కొత్త ప్యాంటు వేసుకుని వచ్చాడు. ఇన్నాళ్ళూ కుడివైపు మడిచి పిన్ను పెట్టుకున్న మనిషి, ఈసారి రెండువైపులా సమానంగా కుట్టుకున్నాడు. అక్క పక్కనే నిలబడి ఉంది. ఎంటర్ గారు కత్తెర ఎవరికీ ఇవ్వకుండా తనే పెట్టె కోశాడు. కాగితాలు తీసి కాలు బయటికి లాగాడు. బావ మోకాలి కింద పెట్టి చూస్తే, బొటనవేలు ఉండాల్సిన చోట చిటికెనవేలు ఉంది.

ఎంటర్ గారు ఊరుకుంటాడా? కార్ఖానాకి ఫోను కలిపి, తను చీవాట్లు పెట్టడం అందరూ వినాలని స్పీకరు పెట్టాడు. "కుడికీ ఎడమకీ తేడా తెలియని దద్దమ్మలంతా అక్కడే చేరారా?"

"షీట్‌లో ఎడమ అనే ఉంది సార్" అన్నాడు అవతలి మనిషి. "నింపినవారి పేరు కూడా ఉంది. చదవమంటారా?"

"చదవండి. ఎవడో ఇప్పుడే తేలుస్తాను."

అతను చదివాడు. గదిలో అందరికీ తెలిసిన పేరే. తర్వాత అతనే, పాపం మర్యాదగానే, "కొత్త వరస పంపండి సార్, చేస్తాం. కాకపోతే అందరి వెనకా పడుతుంది, మీ ఆఫీసు పెట్టిన రూలే" అన్నాడు.

బావ ఆ కాలుని ఒళ్ళో పెట్టుకుని, కుట్టు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "పనితనం బాగుందిరా. పారెయ్యకు. ఈ షుగరు ఎలాగూ తగ్గేలా లేదు, రేపు ఎడమది కూడా తీసేస్తే పనికొస్తుంది." బావమరిదిని ఆటపట్టించడం ఆయనకి అలవాటు. ఆ పూట ఎవరికీ నవ్వు రాలేదు, ఆ మాట అన్న ఆయనకి కూడా.

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. "ఏ కాలో నీకు తెలీదట్రా?"

"తెలుసక్కా."

"మరి?"

అంత సిగ్గు ఎంటర్ గారు జన్మలో పడలేదు. సిగ్గుపడ్డవాడు నోరు మూసుకోవచ్చు కదా? "అది ముందే ఉందక్కా" అన్నాడు.

బడులు తెరిచారు. దుకాణం యజమాని ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టుకున్నాడు. చాలాకాలానికి కుడి కాలు వచ్చింది, సరిగ్గా అమరింది కూడా. బావ దానిమీద చక్కగా నడుస్తాడు. నడిచి వెళ్ళడానికి చోటు లేక ఇంటి గుమ్మంలో కూర్చుని, ఆ దుకాణం చొక్కాలకే చేత్తో గుండీలు కుడతాడు. అక్క ఇప్పటికీ తమ్ముడితో మాట్లాడుతుంది. బాగున్నావా అంటే బాగున్నాను అంటుంది, అంతే.

ఎంటర్ గారు మాత్రం ఆ గొడవ జరిగిన మర్నాడే తలుపేసుకుని ఫారం సరిచేశాడు. కొలతలమ్మకి కబురొచ్చింది, ఆ గడి మార్చేశారని. ఎన్నాళ్ళకి మాట విన్నాడని ఆవిడ గబగబా వెళ్ళి చూసింది. ఎడమ అన్నది నిజంగానే లేదు. ఆ చోట కుడి అని ఉంది.

ఆవిడ తెర వంకా, ఆయన వంకా చూసింది. ఎంటర్ గారు కాలు మీద కాలు వేసుకుని వెనక్కి వాలాడు.

"ఈ నెల కుడివే ఎక్కువ వస్తున్నాయమ్మా" అన్నాడు. "ఎంటర్ కొట్టండి, చాలు."